మంట లేని పొయ్యి

ఇండక్షన్ పొయ్యి మీద ఇనుప పెనం పెడితే దోసె కాలుతుంది. అదే పొయ్యి మీద సత్తు గిన్నె పెడితే నీళ్లు చల్లగానే ఉంటాయి. పొయ్యి చెడిపోయిందని కొందరు అనుకుంటారు. చెడిపోలేదు. అది పనిచేసే పద్ధతే వేరు.

ఈ పొయ్యిలో మంట ఉండదు. ఎర్రగా కాలే తీగ ఉండదు. మరి వేడి ఎక్కడ పుడుతుంది? గిన్నె అడుగులోనే పుడుతుంది. అదెలాగో తెలుసుకుందాం.

కమ్మరి కొడుకు

ఇందులోని కిటుకును కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు మైకేల్ ఫారడే. ఆయన 1791లో ఇంగ్లండు దేశంలో పుట్టాడు. తండ్రి కమ్మరి. ఇల్లు గడవడమే కష్టం. ఫారడే బడికి పోయింది తక్కువ. 14వ ఏట పుస్తకాలు కుట్టి, అట్టలు వేసే దుకాణంలో పనికి కుదిరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలనే తీరిక దొరికినప్పుడు చదివేవాడు. కరెంటు గురించి అలాగే చదివాడు. చదివినవి నిజమో కాదో తానే చేసి చూసేవాడు. 1813లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థలో సహాయకుడిగా చేరాడు.

సూదంటురాయి బలం

ఇనుమును లాగే సూదంటురాయిని పుస్తకాల్లో అయస్కాంతం అంటారు. అది తాకకుండానే సూదిని లాగుతుంది. దాని చుట్టూ కంటికి కనపడని బలం ఉంటుంది. ఆ బలం ఉన్న చోటును అయస్కాంత క్షేత్రం అంటారు. క్షేత్రం అంటే పొలం. మన పొలానికి గట్టు ఉంటుంది. దీనికి గట్టు లేదు. దూరం పోయేకొద్దీ బలం తగ్గిపోతుంది.

1831లో ఫారడే ఒక గొట్టానికి రాగి తీగ చుట్టాడు. అందులోకి అయస్కాంతాన్ని తోశాడు. తీగలో కరెంటు పారింది. అయస్కాంతాన్ని కదలకుండా ఉంచాడు. కరెంటు ఆగిపోయింది. బయటికి లాగాడు. మళ్లీ పారింది. ఈసారి ఎదురు దిక్కుకు పారింది.

అంటే అయస్కాంతం ఉంటే చాలదు. దాని బలం మారుతూ ఉండాలి. అప్పుడే దగ్గరున్న లోహంలో కరెంటు పుడుతుంది. దీనినే ఇండక్షన్ అంటారు. శ్రీశైలం, నాగార్జునసాగర్ డ్యాముల దగ్గర కరెంటు పుట్టేది ఇలాగే. అక్కడ నీటి జోరుకు అయస్కాంతాలు తిరుగుతాయి.

పొయ్యి లోపల

పొయ్యి మీది పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు 20 వేల సార్లకు పైగా అటూ ఇటూ మారుతుంది. దానితోపాటు అయస్కాంత బలమూ మారుతుంది. అప్పుడు గిన్నె అడుగులో కరెంటు పుడుతుంది. ఏట్లో నీళ్లు సుడి తిరిగినట్టు అక్కడే తిరుగుతుంది. ఇనుము దానికి అడ్డు తగులుతుంది. అందుకే వేడెక్కుతుంది.

సత్తు, రాగి గిన్నెల్లో కరెంటు సులువుగా పారిపోతుంది. చాలినంత వేడి పుట్టదు. మట్టి కుండలో కరెంటే పుట్టదు.

ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ ఈ సుడులు పుడతాయి. అక్కడ ఆ వేడి దండగ. అందుకే దాని లోపలి ఇనుమును ఒకే దిమ్మగా పెట్టరు. పలచని రేకులుగా పేరుస్తారు. అప్పుడు సుడులు పెద్దవి కావు.

కొనే ముందు

పొయ్యి కొన్నాక గిన్నెలన్నీ కొత్తవి కొనాల్సి వస్తే ఖర్చు మీద ఖర్చు. అందుకే ముందుగా ఇంట్లోని గిన్నెలను చూసుకోవాలి. చిన్న అయస్కాంతాన్ని గిన్నె అడుగుకు ఆనించండి. గట్టిగా అంటుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది. స్టీలు గిన్నెలన్నీ అంటుకోవు. దుకాణానికి పోయేటప్పుడు కూడా ఆ అయస్కాంతాన్ని వెంట తీసుకుపోండి. గిన్నె అడుగు చదునుగా ఉండాలి.

గిన్నె దించాక కూడా పలక కాసేపు వేడిగా ఉంటుంది. పిల్లలను తాకనివ్వకూడదు. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ఈ పొయ్యి వాడే ముందు డాక్టరును అడగాలి.

చేసి చూడండి: మీ వంటింట్లో అయస్కాంతం అంటుకునే గిన్నెలు ఎన్ని? అంటుకోనివి ఎన్ని? లెక్క రాయండి.