ఉత్ప్రేరకము మారదా?

శంషాబాదు విమానాశ్రయమునకు ప్రయాణికులను చేర్చు పెట్రోలు కార్ల పొగగొట్టపు మార్గములో, తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె యొకటి యుండును. దాని గదుల గోడలపై ప్లాటినం, పల్లేడియం, రోడియం వంటి లోహముల సూక్ష్మకణములు పూయబడి యుండును. ఇంజను నుండి వెలువడు విషవాయువైన కార్బన్ మోనాక్సైడు ఆ కణములపై ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా మారును.

ఉత్ప్రేరకము చర్యకు తోడ్పడియు తాను మారదని పాఠములో చదువుకొందుము. చర్య ముగిసిన పిదప చూచినచో ఇది నిజమే. చర్య జరుగుచుండగా చూచినచో?

స్పంజి నీటిని లోపలికి పీల్చుకొనుట శోషణము. వాయువు ఘనపదార్థపు ఉపరితలమునకు మాత్రమే అంటుకొనుట అధిశోషణము. స్ఫటికము లోపలి పరమాణువునకు అన్ని వైపుల పొరుగు కలదు. పైపొర పరమాణువునకు పైన పొరుగు లేదు. ఈ లోటు వలన కొన్ని స్ఫటికములలో పైపొర తన అమరికనే మార్చుకొనును. ప్లాటినం స్ఫటికపు ఒక ముఖములో, లోపలి పొరలు చదరంగపు గళ్ళవలె నుండగా, శుభ్రమైన పైపొర షడ్భుజాకారముగా సర్దుకొని సుమారు 20 శాతము ఎక్కువ పరమాణువులను ఇముడ్చుకొనును.

దీనిపై కార్బన్ మోనాక్సైడు అంటినచో షడ్భుజపు అమరిక విడిపోయి గళ్ళ అమరిక తిరిగి వచ్చును. మిగిలిన పరమాణువులు చిన్న దీవులుగా పైకి చేరును. షడ్భుజపు పొరపై ఆక్సిజన్ అరుదుగా అంటును. గళ్ళ పొరపై సులభముగా అంటును. అంటిన ఆక్సిజన్ మోనాక్సైడుతో కలిసి డయాక్సైడుగా ఎగిరిపోవును. ఉపరితలము ఖాళీ యగును. మరల షడ్భుజములు ఏర్పడును. ఇట్లు అల్పపీడనములో చర్యావేగము నాడి కొట్టుకొనునట్లు హెచ్చుచు తగ్గుచు నుండును. ఘన ఉపరితలములపై జరుగు చర్యలను ఈ విధముగా శోధించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు గెర్‌హార్డ్ ఎర్టల్‌కు 2007లో నోబెల్ బహుమానము లభించినది.

ఇట్టి పరిశోధనలకు గొప్ప శూన్యము కావలెను. వాతావరణ పీడనములో నూరుకోట్లవ వంతు మిగిలినను, శుభ్రమైన ఉపరితలమును కొన్ని సెకనులలోనే వాయువు కప్పివేయగలదు.

అంటుట మితిమీరిన చర్య ఆగును. కారు కదలిన తొలి నిమిషములలో లోహము చల్లగా నుండును. మోనాక్సైడు దట్టముగా అంటుకొని ఆక్సిజన్‌కు చోటీయదు. వేడెక్కిన పిదపనే అది కొంత విడిపోయి చర్య సాగును. కావున మూసిన షెడ్డులో ఇంజను నడుపుట నేటికిని ప్రాణాపాయమే.

ఉపాధ్యాయులు పాఠములోని వాక్యమునకు ఒక మాట చేర్చవచ్చును: ఉత్ప్రేరకము చర్య మధ్య మారును, మరల మొదటి రూపమునకు రాగలదు కనుకనే అది ఉత్ప్రేరకము.