పాతపెట్టెలోని యంత్రపురుషుడు

ఇంటిలో పాతవస్తువు బయల్పడినపుడు దానిని దాచవలెనా, అమ్మవలెనా, పాఱవేయవలెనా యను విచారము గృహిణులకే తప్పదు. ఇత్తడి బిందెయైనచో తూచి వెల చెప్పవచ్చును. పట్టుచీరయైనచో జరీని చూచి చెప్పవచ్చును. ప్లాస్టికు బొమ్మకు తూనికయు లేదు, జరీయు లేదు. అయినను జపాను దేశమున కొన్ని ప్లాస్టికు బొమ్మల పెట్టెలకు, అవి విప్పనివైనచో, మొదటి వెలకు అనేకరెట్లు పలుకుచున్నది. అది దేనివలన పలుకునో తెలియక ధనము పోగొట్టుకొనువారును కలరు.

ఈ బొమ్మలలో ప్రసిద్ధమైనదానికి గండమ్ అని పేరు. మన భాషలో గండమన్న ప్రాణాపాయము. ఆ దేశమున నిది బాలురకు ప్రాణము! 18 మీటర్ల యెత్తుగల యుద్ధయంత్రమును 15 ఏండ్ల బాలుడొకడు దాని గర్భమున కూర్చుండి నడపునని కథ. 1979 ఏప్రిలులో నీ కథ టెలివిజనులో ప్రారంభమయ్యెను. దర్శకుడు తొమినో యోషియుకి. యంత్రములకు రూపకల్పన చేసినవాడు ఒకావరా కునియో. ఆదరణ చాలనందున 52 భాగములకని తలపెట్టిన కథను 43 భాగములతో 1980 జనవరిలో ముగించిరి. పిదప పునఃప్రసారములును, ఆ సంవత్సరము జూలైలో బందాయ్ సంస్థవారు విడుదల చేసిన బొమ్మపెట్టెయును గలిసి చచ్చిన కథను బ్రతికించినవి. పెట్టె వెల 300 యెన్‌లు. బొమ్మ యెత్తు కథలోని యంత్రమునకు 144వ వంతు, అనగా 12.5 సెంటీమీటర్లు, జానెడులో సగమునకు కొంచెమెక్కువ.

రోబో యను పదము చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమునుండి లోకమున వ్యాపించినది. దాని మూలపదమునకు ఆ భాషలో వెట్టిచాకిరి యని యర్థము. చాకిరి చేయు యంత్రమును గాక, యుద్ధము చేయు యంత్రమునే బాలురు కోరుట నాకు వింతగానే యుండును!

పెట్టెలో బొమ్మ సిద్ధముగా నుండదు. చేతులు, కాళ్లు, శిరస్సు, తుపాకి, డాలు, అన్నియు ముక్కలుముక్కలుగా ప్లాస్టికు చట్రములకు చింతకాయలు కొమ్మను పట్టుకొన్నట్లు అంటియుండును. వానిని కత్తిరించి, నునుపుచేసి, జిగురుతో నతికి, రంగువేసినగాని రూపము రాదు. తొలి పెట్టెలోని ముక్కలన్నియు తెలుపే. ఒకే చట్రములో నాలుగు రంగులు పోసి, జిగురక్కఱలేకుండ తొడిగెడి పద్ధతి 1990 నాటి క్రొత్త బొమ్మతో వచ్చినది.

జపానులో నుద్యోగము చేయుచున్న మా మరది సెలవులకు వచ్చినపుడు ఇట్టి పెట్టె నొకదానిని తెచ్చెను. పాతవస్తువుల యంగడివాడు అది 1980 నాటిదని చెప్పగా 3,000 యెన్‌లిచ్చి కొనెనట. “వదినగారూ, దీనిని విప్పనీయకుడు. పదేండ్లకు మీ అబ్బాయి చదువున కక్కఱకు వచ్చును” అనెను. ఎనిమిదవ తరగతి చదువు మా అబ్బాయి యప్పటికే కత్తెర తెచ్చుకొని కూర్చున్నాడు. ఎవరి మాట చెల్లవలెనో నిర్ణయించు భారము నాపై బడినది.

నేను మొట్టమొదట అడిగినది పెట్టెపైనున్న సంస్థ పేరు. ఆ కాలమున ఈ బొమ్మలను చేసినది బందాయ్ మొకేయ్ అను శాఖ. మొకేయ్ అనగా నమూనా బొమ్మ. 1983లో నా శాఖ మాతృసంస్థలో గలిసిపోయెను. కావున తొలినాటి పెట్టెపై నా పేరుండవలెను. మా మరది అక్షరమక్షరము చదివి చూచి, బందాయ్ అను మాట తప్ప రెండవ మాట లేదని యొప్పుకొనెను. వెల ప్రక్కన పన్నుమాట యున్నచో నది ఇంకను ఇటీవలిది; జపానులో వినియోగపు పన్ను ప్రారంభమైనది 1989 ఏప్రిలులో.

“ముక్కమీద నచ్చువేసిన సంవత్సరము మాటయేమి?” అని యతని వాదము. అట్టి సంవత్సరము అచ్చు పుట్టిన కాలమునో, కథ హక్కులు పుట్టిన కాలమునో తెలుపును గాని, ఆ ముక్కను పోసిన కాలమును తెలుపదు. ఉక్కు అచ్చు చెక్కుచెదరక యున్నంతకాలము బొమ్మలను మఱల మఱల పోయవచ్చును. బందాయ్ వారు ఈ బొమ్మను పలుమారులు పోసి యమ్మిరి. పాతదగుట వేఱు, అరుదగుట వేఱు. మా అత్తగారి కాలపు పంచాంగములు మా యటుకమీద కట్టలుకట్టలుగా నున్నవి. వానికి వెలయిచ్చువా డెవడు?

నిజముగా తొలినాటి పెట్టెయైనచో చూడవలసినవి మఱికొన్ని కలవు. మూత చిత్రము ఎండకు వెలిసినదా? మూలలు నలిగినవా? చట్రములున్న సంచి విప్పబడినదా? కూర్పు చెప్పెడి కాగితము కలదా? తెల్ల ప్లాస్టికు వెలుతురు తగిలి పసుపువాఱినచో వెల తగ్గును. చట్రమునుండి యొక్క ముక్క యూడిపోయినను కొనువాడు వెనుదీయును. కూర్చి రంగువేసిన బొమ్మకు విప్పని పెట్టె వెల సాధారణముగా రాదు.

ఇవన్నియు చూచి పెట్టెను అబ్బాయికే యిచ్చితిని. మా మరది ముఖము చిన్నబోయినది గాని, సాయంకాలమునకు తానును చాపమీద కూర్చుండి కాలి ముక్కలను సానపట్టుచుండెను.

పాత పెట్టెను విప్పు తల్లులు జిగురు విషయమున జాగ్రత్త వహింపవలెను. పెట్టెతో వచ్చిన జిగురు ఏండ్లు గడచినచో గట్టిపడిపోవును. క్రొత్తది కొనునపుడు పాలీస్టైరీను ప్లాస్టికునకు తగినదానినే యడుగుడు. అది ముక్కల యంచులను కరిగించి యొకటిగా చేయును. బొట్టు జాఱి పైభాగమున బడెనా, అచ్చటను కరిగి మచ్చయగును. దాని యావిరి పీల్చుట మంచిదికాదు. కిటికీలు తెఱచి, దీపమునకును పొయ్యికిని దూరముగా కూర్చుండబెట్టి, అతికిన కీళ్లను రాత్రియంతయు కదల్పక యుంచవలెను.