గెడ్డ ఒడ్డు మద్ది పెరట్లోకి వస్తే

తూర్పు కనుమల్లో పుట్టిన శారదా నది, కె.కోటపాడు మండలానికి పొరుగునున్న దేవరాపల్లి మండలంలో రైవాడ జలాశయాన్ని నింపి, చోడవరం ప్రాంతం మీదుగా అనకాపల్లి దాటి సముద్రంలో కలుస్తుంది. కొండల మీంచి దిగే గెడ్డలు ఎన్నో దారిలో దానికి తోడవుతాయి. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారిన ఈ మండలాల్లో చెరకు, వరి సాగుకు ఆ నది, ఆ గెడ్డలు, చెరువులే ఆధారం.

ఇలాంటి నీటి ఒడ్డుల్లో అనాదిగా పెరిగే చెట్టు తెల్లమద్ది. ఏరుమద్ది అని కూడా అంటారు. వరద వచ్చి కొన్నాళ్లు మొదలు మునిగినా తట్టుకుంటుంది. దాని వేళ్లు నేలలోకి లోతుగా దిగేకన్నా పైపైనే చుట్టూ పరుచుకుని ఒడ్డు మట్టిని బిగించి పట్టుకుంటాయి. ఒడ్డున చెట్లు పోయిన చోట గట్టు కోసుకుపోతుంది, పక్కనున్న పొలం ఏటా కొంత గెడ్డపాలవుతుంది. అందుకే మద్దిని ఒడ్డున నిలుపుకోవాలి; అక్కడితో ఆగకుండా ఇళ్ల దగ్గరకూ బడులకూ తెచ్చుకోవాలి.

దగ్గరగా చూస్తే మద్దిని పోల్చుకోవడం తేలిక. మాను నున్నగా, బూడిద రంగులో కొంచెం గులాబీ ఛాయతో ఉంటుంది. పై బెరడు పలుచని పెచ్చులుగా ఊడిపోతే లోపలి లేత రంగు బయటపడుతుంది. పెద్ద చెట్టుకు మొదలు దగ్గర మాను పలకలు పలకలుగా విచ్చుకుని నేలను ఆనుకుంటుంది. ఆకు తిప్పి చూస్తే, తొడిమ దగ్గర అడుగున రెండు చిన్న బొడిపెలు కనిపిస్తాయి. కాయకు నిలువునా అయిదు రెక్కలు. వేసవిలో లేతపసుపు పూల కంకులు వేస్తుంది. అవి కాయలై పండి రాలేసరికి మళ్లీ వేసవి వస్తుంది. కొండవాలు అడవుల్లో కనిపించే నల్లమద్ది దీని చుట్టమే కాని, దాని బెరడు నల్లగా, మొసలి వీపులా పగిలి ఉంటుంది కాబట్టి పొరబడే పని లేదు.

తెలుగువారికి మద్దితో పరిచయం పాతది. వినాయక చవితి పూజలోని ఇరవై ఒక్క పత్రాల్లో అర్జున పత్రం అంటే ఈ మద్ది ఆకే. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో, ఎర్రకాలువ ఒడ్డున, మద్ది చెట్టు తొర్రలో వెలసిన ఆంజనేయుడిని జనం మద్ది ఆంజనేయస్వామి అనే కొలుస్తారు. గుడి చెట్టును ఎంత బాగా కాపాడగలదో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

నీటి ఒడ్డు చెట్టు ఊరి మధ్య బతుకుతుందా అనే సందేహానికి ఢిల్లీలో జవాబుంది. బ్రిటిషువారు కొత్త రాజధాని కట్టినప్పుడు, నేటి జన్‌పథ్ రోడ్డుకు రెండువైపులా మద్ది చెట్లే నాటించారు. ఏటి ఒడ్డు కానేకాని ఆ నేల మీద అవి ఎత్తుగా ఎదిగి నీడనిచ్చాయి. వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే కె.కోటపాడు వైపు మద్దికి ఇబ్బందేమీ ఉండదు.

అయినా ఇటీవల మన పట్టణాల్లో మద్దికి బదులు దాని విదేశీ చుట్టం వచ్చి కూర్చుంది. అది కోనోకార్పస్. మద్ది, కరక్కాయ, తానికాయ చెట్ల కుటుంబానికే చెందింది. అదీ తన దేశంలో నీటి అంచుల్లో పెరిగేదే. త్వరగా పచ్చగా గుబురు కడుతుందని రోడ్ల పక్కన విరివిగా నాటారు. పుప్పొడితో శ్వాస ఇబ్బందులు, గొట్టాల్లోకి చొచ్చుకుపోయే వేళ్లు కారణాలుగా చూపి తెలంగాణ 2022లో ఆ మొక్క నాటడం ఆపింది. 2023లో గుజరాత్ నిషేధించింది. ఏటి ఒడ్డు చెట్టే కావాలనుకుంటే, ఇక్కడి పురుగుకూ పిట్టకూ అలవాటైన మద్ది ఉండగా సముద్రాల అవతలి మొక్క ఎందుకు?

ఒక్క మాట మాత్రం ముందే చెప్పుకోవాలి. మద్ది చిన్న చెట్టు కాదు. అరవై, ఎనభై అడుగులు పోతుంది. వేళ్లు పైపైనే పాకుతాయి కాబట్టి గోడకూ, సెప్టిక్ ట్యాంకుకూ కనీసం ముప్పై అడుగుల ఎడం ఇవ్వాలి. రెండు మూడు సెంట్ల ఇంటి స్థలంలో దీన్ని స్వేచ్ఛగా పెరగనివ్వడం కుదరదు. పల్లెలో పెద్ద పెరడు, పొలం గట్టు, చెరువు గట్టు, బడి ఆవరణ దీనికి తగిన చోట్లు. పెరట్లో అయితే స్నానాల నీళ్లు పారే పల్లం వైపు పెడితే సంతోషంగా పెరుగుతుంది.

చోటు తక్కువైనవారికి దసలిపట్టు రైతులు దారి చూపిస్తారు. మంచిర్యాల జిల్లా చెన్నూరు వైపు దసలి పురుగులను మద్ది చెట్ల మీదే పెంచుతారు. పురుగుకు లేత ఆకు కావాలి కనుక కొమ్మలు నరికి చెట్టును అందేంత ఎత్తులో ఉంచుతారు. నరికిన చోట మద్ది బలంగా చిగురిస్తుంది. తోటలో కూడా ఇలాగే కత్తిరిస్తూ పొదలా ఉంచుకోవచ్చు. ఆకుల మీద బుడిపెలు లేస్తే కంగారు పడనవసరం లేదు. అది రసం పీల్చే చిన్న పురుగు పని. ముదిరిన చెట్టు దాన్ని లెక్కచేయదు, మందు కొట్టక్కర్లేదు.

చెట్టుకు అసలు గండం మనుషుల వల్ల వస్తుంది. మద్ది బెరడును ఆయుర్వేదంలో గుండె జబ్బులకు వాడతారు. ఆ పేరుతో మాను చుట్టూ బెరడు వలిచేస్తే చెట్టు చచ్చిపోతుంది. ఒక పక్కన కొద్దిగా తీస్తే మళ్లీ కట్టుకుంటుంది. గుండె జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా బెరడు కషాయం తాగకూడదు.

మొక్క కొనకుండానే పెంచుకోవచ్చు. ఫిబ్రవరి నుంచి మే దాకా చెట్టు కింద రాలిన కాయలు ఏరి, రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, మట్టి సంచుల్లో పాతాలి. మొలకకు ఓపిక కావాలి. కొన్ని త్వరగా లేస్తాయి, కొన్ని రెండు నెలలు దాటాక గాని తల ఎత్తవు. సగం మొలిస్తే బాగా మొలిచినట్టే. మొక్కలను ఏడాది సాకి మరుసటి తొలకరికి నాటాలి, మొదటి రెండు వేసవులూ నీళ్లు పోయాలి, పశువులు మేయకుండా కంచె వేయాలి. గెడ్డ పక్కన పొలం ఉన్న ప్రతి రైతూ ఈ ఎండాకాలం చేతి సంచిలో నాలుగు మద్ది కాయలు ఏరుకొని రావాలి. మొలిచిన మొక్కల్లో ఒకటి పెరట్లో పెట్టుకుని, మిగిలినవి తన గట్టు మీదే నాటాలి.