ఎండుచొప్పయు నూనెచెక్కయు

వైశాఖము వచ్చునప్పటికి ఎర్రమల గుట్టల వాలులందును, పత్తికొండ, డోను, పులివెందుల, రాయచోటి పరిసరములలోని బీళ్ళయందును గడ్డి యనునది పేరునకు మాత్రమే మిగులును. ఉదయమున మందతో పోయిన ఆవు సాయంకాలము వరకు తిరిగి తిరిగి, పీచువారిన కర్రగడ్డిని, జొన్నకొయ్యలను, రాలిన తుమ్మకాయలను కొరికికొని, కొట్టము చేరునప్పటికి డొక్కలు లోనికి పోయి యుండును. ఇట్టి మేతపై బ్రతుకు పశువునకు ఏదైనను బలము చేకూర్పవలెనని రైతు తలచుట సహజము. బలమనగానే అతనికి మొదట తోచునది చమురు. పత్తివిత్తులు రుబ్బి పెట్టుట, బుడ్డలచెక్క, అనగా వేరుసెనగచెక్క, నానవేసి కుడితిలో కలుపుట, బక్కచిక్కిన ఎద్దునకు గొట్టముతో నూనె పట్టుట కర్నూలు, కడప మండలములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారములు. వీనిలో గొప్ప వివేకము కలదు. మోతాదు తప్పినచో గొప్ప చేటును కలదు. ఈ రెండింటి నడుమ గీత యెక్కడ నున్నదో తెలిసికొనవలెనన్న, పశువు కడుపులో చమురు నడచు దారిని కొంత ఓపికతో పరిశీలింపవలెను.

నెమరువేయు జంతువునకు కడుపు నాలుగు అరలుగా నుండును. అందు మొదటిదియు, మిక్కిలి విశాలమైనదియు పెద్దపొట్ట. ఎదిగిన పెద్దజాతి ఆవులలో అది నూరు లీటర్లకు మించి పట్టును. అంబలి పులియు కుండవలె అది ఎల్లప్పుడును పులియుచునే యుండును. గాలి చొరక, సుమారు 39 డిగ్రీల వెచ్చదనము తరుగక, అందలి ద్రవము ఒక్కొక్క మిల్లీలీటరున వేయికోట్ల వరకు బాక్టీరియములను, లక్షలకొలది ప్రోటోజోవాలను, వానితోపాటు శిలీంధ్రములను పోషించుచుండును. గాలి తగిలినంతనే నశించు ఈ జీవులను ప్రయోగశాలలో పెంచు ఉపాయమును రూపొందించి, వాని జీవితవిధానమును లోకమునకు తెలిపినవారిలో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హంగేట్ అగ్రగణ్యుడు. 1966లో వెలువడిన ఆయన గ్రంథము ఈ శాస్త్రమునకు పునాదిరాయి. మనుష్యుని కడుపునకు లొంగని జొన్నచొప్పలోని సెల్యులోజును ఈ సూక్ష్మజీవులు విరుగగొట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లములుగా మార్చును. పశువు తనకు కావలసిన శక్తిలో సుమారు నూటికి డెబ్బది పాళ్ళను ఈ ఆమ్లములనుండియే గ్రహించును. పాలలోని వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు ఎసిటిక్ ఆమ్లమే. ఆ ఆమ్లమునకు మూలము పీచు. కాబట్టి వానకు మొగము వాచిన సీమలో ఆవునకుగల అసలైన సంపద, ఎవ్వరికిని పనికిరాని ఎండుచొప్పను పాలుగా మార్చగల ఈ శక్తియే.

ఇట్టి పొట్టలోనికి ఒక్కమారుగా పావులీటరు నూనె పోసితిమనుకొందము. నూనె సన్నని పొరగా చొప్పముక్కలను ఆవరించి, బాక్టీరియములు వానిని అంటిపట్టుకొనుటకు అడ్డము వచ్చును. అంతటితో పోక, బాక్టీరియములు నూనెను గ్లిసరాలుగను, కొవ్వు ఆమ్లములుగను విడదీయును. అట్లు విడివడిన ఆమ్లములలో అసంతృప్తములైనవి, అనగా బుడ్డలనూనెలోను పత్తిగింజల నూనెలోను సమృద్ధిగా నుండు ఓలియిక్, లినోలియిక్ జాతులవి, పీచును జీర్ణముచేయు బాక్టీరియముల పైపొరలను దెబ్బతీయును. ప్రోటోజోవాలు వానికంటెను సులభముగా నశించును. ఫలితముగా చొప్ప అరగుట మందగించును; అరగని చొప్ప పొట్టను ఖాళీచేయదు; ఖాళీ కాని పొట్ట క్రొత్త మేతను కోరదు. చమురు పెట్టిన మరునాడు గాడిలో చొప్ప మిగిలిపోవుట అనేకులకు అనుభవమే. దానిని పశువునకు తృప్తి కలిగిన గుర్తుగా భావించుట కద్దు. నిజమునకు అది జీర్ణక్రియ కుంటుపడిన గుర్తు.

పెద్దపొట్టలోని జీవులు ఈ విపత్తునకు ఊరక తలయొగ్గవు. తమకు విషప్రాయమైన అసంతృప్త ఆమ్లములకు హైడ్రోజనును చేర్చి, వానిని హానిలేని సంతృప్త ఆమ్లములుగా మార్చుకొనును. పశువు తిన్నది పచ్చగడ్డియైనను, బుడ్డలచెక్కయైనను, దాని పాలనుండి తీసిన నెయ్యి చలికాలమున గడ్డకట్టుటకు ముఖ్యకారణము ఈ మార్పే. అయితే ఈ పనికి కాలము కావలెను. మెల్లగా అందిన చమురును అవి సునాయాసముగా మార్చుకొనగలవు; వెల్లువగా వచ్చినదానిని మార్చుకొనలేవు. మార్పు సగములో దారి తప్పినప్పుడు పుట్టు కొన్ని ఆమ్లములు పొదుగువరకు పోయి, అక్కడ వెన్న తయారగుటనే అణచివేయును. అట్టి ఆమ్లమొకటి అత్యల్ప పరిమాణముననే పాలలో వెన్నను తగ్గింపగలదని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డేల్ బౌమన్, ఆయన సహచరులు 2000 ప్రాంతమున నిరూపించిరి. పాలకేంద్రమున వెన్నశాతమునుబట్టి డబ్బు తీసికొను మన రైతునకు ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి లేదు: వెన్న పెరుగునను ఆశతో పోసిన నూనె, పీచు తక్కువైన చోట, ఉన్న వెన్ననే తరుగగొట్టవచ్చును.

అట్లని చమురును దూరముగా నుంచవలెనా? కూడదు. పిండిపదార్థముకంటె చమురున రెండుంబావు రెట్లు అధికమైన శక్తి కలదు. పీచు పులియునప్పుడు దేహమున వేడి ఎక్కువగా పుట్టును; చమురు జీర్ణమగునప్పుడు అంత వేడి పుట్టదు. నంద్యాల, కర్నూలు పట్టణములందు 43, 44 డిగ్రీలు కాయు వేసవిలో, రొప్పుచు మేత మానిన పాడిపశువునకు ఇది గొప్ప ఉపకారము. లేత పచ్చిమేత తెగమేసి, పొట్టలో నురుగు కట్టి కడుపుబ్బినప్పుడు ఆ నురుగును విరుగగొట్టు ప్రథమచికిత్స వంటనూనెయే. అయితే అది గొంతు తప్పి ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము గనుక, పశువు తలను మితిమీరి పైకెత్తక, నాలుక లాగిపట్టక, మెల్లగా మింగనిచ్చుచు పట్టవలెను. పశువులు త్రేన్పులలో విడుచు మీథేను వాయువును సైతము చమురు తగ్గించునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మేలును కీడును ఒకే పదార్థమున నున్నవి. వానిని వేరుచేయునవి మోతాదును, పెట్టు తీరును.

మోతాదు సంగతి లెక్కవేసి చూతము. మూడువందలయేబది కిలోల ఆవు తేమ మినహాయించి దినమునకు సుమారు 8 కిలోల మేత తినును. ఎండుచొప్పలో చమురు నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్ళు మాత్రమే యుండును గనుక, చొప్పనుండి దానికి చేరునది నూరు గ్రాములు, మహా అయినచో 120 గ్రాములు. మొత్తము మేతలో చమురు నూటికి ఆరేడు పాళ్ళకు మించినచో పీచు అరుగుదలకు విఘాతము తప్పదని పశుపోషణశాస్త్రము చెప్పుచున్నది. ఎండుమేతపై నున్న పశువునకు నాలుగైదు పాళ్ళ దగ్గరనే ఆగుట క్షేమము. అనగా అన్నియు కలిసి 320 నుండి 400 గ్రాములు. చొప్పలోనిది తీసివేయగా, బయటనుండి చేర్పదగినది 200 మొదలు 300 గ్రాముల లోపే. కిలో గానుగచెక్కలో, లేక మిల్లుచెక్కలో, నూటికి ఏడెనిమిది పాళ్ళ చొప్పున 70, 80 గ్రాముల నూనె యుండును. కిలో పత్తివిత్తులలో సుమారు 180 గ్రాములు. కిలో చెక్క, అరకిలో పత్తివిత్తులు పెట్టినవాడు హద్దు దాటలేదు. రెండు కిలోల పత్తివిత్తులు రుబ్బి పెట్టి, పైన నూనె పోసినవాడు దాటినాడు.

ఈ లెక్కలోనే పూర్వుల వివేకము తేటపడును. వారు పశువునకు విడినూనెకంటె ఎక్కువగా పెట్టినది చెక్క. బుడ్డలచెక్కలో నూనె స్వల్పము. మాంసకృత్తులు నూటికి నలుబది పాళ్ళకు పైబడి యుండును. ఎండుగడ్డితో బ్రతుకు పశువు పెద్దపొట్టలో మొట్టమొదట కొరవడునది చమురుకంటె నత్రజని. మేతలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్ళకు తగ్గినచో అక్కడి బాక్టీరియములు పెంపొందజాలవు. జొన్నచొప్పలో అవి మూడు, నాలుగు పాళ్ళకు మించవు. ఆకలిగొన్న బాక్టీరియములపై నూనె పోయుట వానికి రెండవ దెబ్బ. చెక్కయన్ననో, మొదట వానిని పోషించి, ఆపిమ్మట కొద్దికొద్దిగా నూనెను విడుచును. ఈ మండలముల రైతునకు చేతికందు మరియొక నిధి బుడ్డలకట్టె. ఆకు రాలకుండ ఆరవేసి వామి పెట్టిన కట్టెలో మాంసకృత్తులు చొప్పలోనివానికి రెండు మూడు రెట్లుండును. చొప్పను నరికి, దానితో ఆ కట్టెను కలిపి పెట్టిన ఇంటిలో, దాణాకు పెట్టు సొమ్ము చేయవలసిన పనిలో సగము ముందే జరిగిపోయినదని చెప్పవచ్చును.

ద్రావకముతో నూనెను పూర్తిగా పిండిన చెక్క అంగళ్ళకు వచ్చినది మొదలు, సారము పోయినదని చింతించి, దానిపై నూనె చిలకరించి పెట్టువారున్నారు. అట్టి చెక్కలో నూనె ఒక పాలు మాత్రమే మిగులుట నిజము. కాని మాంసకృత్తులు తగ్గుటకు బదులు నిష్పత్తిని పెరుగును. బీటిమేత పశువునకు అది ఏ విధమునను నిస్సారము కాదు.

పత్తికి పేరుపడిన ఆదోని ప్రాంతమున పత్తివిత్తుల వాడుక అధికము. సేద్యపుటెద్దులకును, బండలాగు పందెములకు పెంచు జోడులకును వీనిని విశేషముగా పెట్టుదురు. ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. విత్తనమును యథాతథముగా పెట్టినచో, నూగుతోను గట్టిపొట్టుతోను కూడిన ఆ గింజ పెద్దపొట్టలోని మేతచాపలో చిక్కుకొని, నెమరువేసినప్పుడెల్ల కొంత నలిగి, తనలోని నూనెను గంటలకొలది మెల్లగా విడుచును. రోటిలో మెత్తగా రుబ్బినచో ఆ నూనె యంతయు ఒక్కమారే విడుదలయగును. కాబట్టి రుబ్బినప్పుడు పరిమాణము తగ్గింపవలెను, దానిని రెండు పూటలకు పంచవలెను. పత్తివిత్తులలోని గాసిపాల్ అను విషపదార్థమును ఎదిగిన పశువు పెద్దపొట్ట చాలవరకు కట్టివేయగలదు. పెద్దపొట్ట ఇంకను ఎదుగని దూడకు ఆ రక్షణ లేదు గనుక దూడలకు పెట్టరాదు. ఆముదపుచెక్క విషము, అది పొలమునకు ఎరువే గాని పశువునకు మేత కాదు. బూజుపట్టిన బుడ్డలచెక్కను ఎంత చౌకగా వచ్చినను విసర్జింపవలెను: అందు పుట్టు అఫ్లటాక్సిను పశువు కాలేయమును చెరచుటయే గాక పాలలోనికి దిగి, ఆ పాలు త్రాగు పసిబిడ్డలవరకు పోవును.

ఇక నేడు పాడిరైతుల నోట వినవచ్చు బైపాస్ ఫ్యాట్ సంగతి. చమురు పెద్దపొట్టను బాధింపక దాటిపోవు ఉపాయమున్నచో ఎట్లుండునను ప్రశ్నకు సమాధానమది. కొవ్వు ఆమ్లములను కాల్షియముతో కలిపి గట్టి లవణముగా చేసినచో, పెద్దపొట్టలోని స్వల్పామ్లమున అది కరగక నిలిచి, నాలుగవ అరలోని తీక్ష్ణమైన ఆమ్లమున విడివడి, చిన్నప్రేవులలో జీర్ణమగును. 1980 దశకపు తొలినాళ్ళలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున పాల్మ్‌క్విస్ట్, జెన్కిన్స్ అను శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధనలు ఈ మార్గమును సుగమము చేసినవి. మన దేశమున ఆనంద్‌లోని జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ దీనిని అధికముగా పాలిచ్చు పశువులకు సిఫారసు చేయుచున్నది. వాడుకలోని మోతాదు దినమునకు 100 నుండి 200 గ్రాములు. ఈనిన తరువాతి రెండు మూడు నెలలలో, పాలు పొంగివచ్చుచుండగా ఆకలి ఇంకను పుంజుకొనని సంకరజాతి ఆవునకును, ముర్రా బర్రెకును ఇది నిజముగా ఆదుకొను పదార్థము. పూటకు లీటరు, లీటరున్నర పాలిచ్చి గుట్టలపై మేయు నాటు ఆవునకు దానితో పనిలేదు. ఆ ధనముతో చెక్కయు, ఖనిజలవణ మిశ్రమమును కొనుట మేలు. విడినూనె పెట్టువారికి ఈ మిశ్రమము మరింత అవసరము; నూనెనుండి విడివడిన ఆమ్లములు మేతలోని కాల్షియమును, మెగ్నీషియమును సబ్బుగా కట్టి పేడతో కొనిపోవును.

తాను పెట్టినది సరిపడినదో లేదో రైతునకు చెప్పునది పశువే. మధ్యాహ్నము నీడన పడుకొన్న ఆవు మెడను ఒకమారు తేరిచూడుడు. నెమరుముద్ద గొంతువెంట పైకి ప్రాకివచ్చుట, దవడ ఒకవైపుగా ఏబది సార్లకు అటునిటుగా ఆడుట, ముద్ద క్రిందికి జారుట, కొన్ని క్షణముల విరామము, మరల ముద్ద పైకెక్కుట స్పష్టముగా కనబడును. పడుకొన్న మందలో సగముపైగా పశువులు ఇట్లు నెమరువేయుచున్నచో పెద్దపొట్ట చక్కగా పనిచేయుచున్నదని తెలియవలెను. దవడ ఆడించుట ముప్పదికి పడిపోయినను, పేడ జారుగా, జిడ్డుగా నుండి, కర్రతో కదిపి చూచినప్పుడు అందు అరగని పొడవాటి చొప్పపీచు కనబడినను, గాడిలో మేత మిగిలినను, వెంటనే చమురు తగ్గింపవలెను. ఏ క్రొత్త దాణానైనను పదునైదు దినముల వ్యవధిలో కొద్దికొద్దిగా పెంచుచు పోయినచో సూక్ష్మజీవులు అలవడుటకు అవకాశము కలుగును.

కడప మండలమున ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల యున్నది. ఊరూర పశువైద్యశాలలు, పాలకేంద్రములు నున్నవి. దాణాసంచిపై చమురు ఎన్ని పాళ్ళో అచ్చువేసియే యుండును. ఆ అంకెను చదివి చూపి, నీ ఆవు తిను చొప్ప ఎంత, దానికి తగిన చమురు ఎంత అని పాలు పోయువానికి లెక్కగట్టి చెప్పు బాధ్యతను ఈ సంస్థలు తమదిగా స్వీకరింపవలెను. కరవు తరచుగా వచ్చు నేలయందు పశువునకు శాశ్వతముగా దొరకు ఆహారము చొప్పయే. చమురు ఆ చొప్ప అరుగుదలకు తోడైనంతవరకే బలము, అడ్డమైన క్షణమునుండి నష్టము. ముందు చొప్పను నరికిపెట్టి, పిమ్మట చెక్కతో సూక్ష్మజీవులను పోషించి, ఆపైన మిగిలిన అవసరమునకు మాత్రమే చమురును తూచి పెట్టు క్రమమును పాటించిన రైతునకు, తక్కువ ఖర్చుతోనే కొట్టము నిండ ఆరోగ్యమును, పాలలో నిలుకడయైన వెన్నయు దక్కును.