మాట మారినా.. మొక్కు మారలేదు!

కోవై, మదురై తెలుగిళ్లలో తరతరాల నమ్మకాలు

బిడ్డకు జ్వరం తగ్గలేదంటే చాలు.. ఆసుపత్రికి బయలుదేరే ముందే అవ్వ పసుపు గుడ్డ తెస్తుంది. రూపాయి బిళ్ల పెట్టి ముడేస్తుంది. 'ఏడుకొండలవాడా, బిడ్డ లేచి తిరిగితే నీ కొండకొస్తాం' అని మొక్కి దేవుడి పటం దగ్గర పెడుతుంది. చిత్తూరు పల్లెల్లో అందరికీ తెలిసిన ముడుపే ఇది. వందల కిలోమీటర్ల దూరాన కోయంబత్తూరు, మదురై పరిసరాల్లోని పాత తెలుగిళ్లలోనూ ఇదే ముడుపు, ఇదే మొక్కు!

విజయనగర, మదురై నాయక రాజుల కాలంలో అటు వెళ్లి స్థిరపడిన కుటుంబాలెన్నో. కమ్మ, బలిజ, దేవాంగ, రాజకంబళ నాయకర్, అరుంధతీయ.. ఇలా ఎందరో. ఊరు మారింది, యాస మారింది. కష్టమొస్తే మొక్కుకోవడం మాత్రం మానలేదు.

తీసుకో తాయే!

కోయంబత్తూరు రాజవీధిలో రామలింగ చౌడేశ్వరి అమ్మవారి గుడి ఉంది. ఆమె దేవాంగుల కులదైవం. విజయదశమి నాడు మగవాళ్లు, కుర్రాళ్లు కత్తులు పట్టి ఊరేగింపుగా వస్తారు. ఛాతీ మీద, చేతుల మీద గాట్లు పెట్టుకుంటూ 'వేసుకో తాయే, తీసుకో తాయే' అని కేకలేస్తారు. గాయం మీద పసుపు పొడి చల్లి మళ్లీ అడుగేస్తారు. అలిగి ఆగిపోయిన అమ్మను పూర్వీకులు ఇలాగే రప్పించుకున్నారని కథ. ఇక్కడి దేవాంగుల్లో చాలామంది ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. అయినా అమ్మను పిలిచే కేకలో 'తీసుకో' అన్న మన మాట అలాగే నిలిచింది.

పశువు కోసం మట్టి బొమ్మ

ఉడుమలైపేట దగ్గర సోమవారపట్టి. ఒకప్పుడు కోయంబత్తూరు జిల్లా, 2009 నుంచి తిరుప్పూరు జిల్లా. ఇక్కడి ఆల్‌కొండమాల్ గుడికి సంక్రాంతి రోజుల్లో రైతులు పోటెత్తుతారు. పాడి బాగుండాలని పాలు తెచ్చి అభిషేకం చేయిస్తారు. పశువుకు జబ్బు రాకూడదని మట్టితో చేసిన ఆవు, ఎద్దు బొమ్మలు పెట్టి మొక్కుతారు. రాజకంబళ నాయకర్లు ఉరుమి మోతకు 'సలగెరుదు' ఎద్దులను ఆడిస్తూ వస్తారు. చూస్తే మన గంగిరెద్దులు గుర్తుకు రాక మానవు.

వైగైలో నీళ్ల మొక్కు

మదురైలో చిత్రా పౌర్ణమికి కళ్లళగర్ స్వామి వైగై నదిలో దిగుతాడు. మొక్కున్నవాళ్లు ఉపవాసముండి, స్వామిలా వేషం కట్టి, తోలు సంచుల్లోంచి నీళ్లు చిమ్ముతారు. మీనాక్షి కల్యాణాన్ని, ఈ ఉత్సవాన్ని ఒక్క నెలలోకి తెచ్చింది 1623-59 మధ్య ఏలిన తిరుమల నాయకుడేనని చెబుతారు. మొక్కును తమిళంలో 'నేర్తిక్కడన్' అంటారు. కడన్ అంటే అప్పు. తీర్చకపోతే కీడని అక్కడా భయమే, ఇక్కడా భయమే.

అక్షరం పోతోంది

నమ్మకం నిలిచినా భాష జారిపోతోంది. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఒకటో తరగతితో మొదలై 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. భాషా మైనారిటీలు మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. మాట్లాడేదాంట్లోనూ సగం తమిళమే. 'మొక్కు' పోయి 'వేండుదల్' వచ్చేసింది. అవ్వ నోట ఉన్న మొక్కుల మాటలు రాసి పెట్టుకోకపోతే ఆమెతోనే పోతాయి.

పెరటాసి నెలలో పసుపు బట్టలు కట్టి, గోవింద నామాలు చెప్పుకుంటూ చిత్తూరు మీదుగా తిరుమలకు నడిచే తమిళనాడు జనాన్ని మనం ఏటా చూస్తూనే ఉంటాం. వాళ్లలో ఎవరి చేతనైనా పసుపు ముడుపు కనబడితే ఒక్కసారి తెలుగులో పలకరించి చూడండి. 'బాగుండారా?' అని జవాబు రావచ్చు!