ఫుట్‌బాల్‌లో ఏ పాత పద్ధతులు తిరిగి రావాలి? ఏ కొత్త నిబంధనలు అవసరం?

2025 జులై 1 నుంచి ఫుట్‌బాల్ నియమావళిలో ఒక చిన్న మార్పు అమల్లోకి వచ్చింది. బంతిని చేతుల్లో పట్టుకున్న గోల్‌కీపర్ ఎనిమిది సెకన్లలోగా దానిని వదలకపోతే ప్రత్యర్థి జట్టుకు కార్నర్ కిక్ లభిస్తుంది. చివరి ఐదు సెకన్లను రిఫరీ చెయ్యి పైకెత్తి, వేళ్లతో లెక్కిస్తూ అందరికీ కనిపించేలా చూపుతారు.

నిజానికి అంతకుముందు ఉన్న గడువు ఇంకా తక్కువ, ఆరు సెకన్లే. దానిని మీరితే గోల్‌కు అతి సమీపంలో ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ ఇవ్వాలి. చిన్న జాప్యానికి అంత పెద్ద శిక్ష విధించడానికి రిఫరీలు వెనుకాడేవారు. దాంతో ఆ నిబంధన చాలాకాలం పుస్తకానికే పరిమితమైంది. శిక్షను తగ్గించి, గడువును రెండు సెకన్లు పెంచాక అమలుకు దారి దొరికింది. నిబంధన ఎంత కఠినంగా ఉందన్న దానికన్నా, మైదానంలో అమలు చేయడానికి ఎంత వీలుగా ఉందన్నదే ముఖ్యమని ఈ మార్పు చెబుతోంది.

ఈ నేపథ్యంలో భారత ఫుట్‌బాల్‌కు సంబంధించి రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. ఒకప్పుడు మేలు చేసి, తరువాత మరుగున పడిన పద్ధతులు ఏవి? కొత్తగా తెచ్చుకోదగిన నిబంధనలు ఏవి? 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన దేశం, 2025లో ఫిఫా ర్యాంకింగ్స్‌లో 130కి దిగువకు జారింది. కాబట్టి ఇవి కేవలం గతాన్ని తలచుకుని మురిసిపోవడానికి వేసుకునే ప్రశ్నలు కావు.

నిబంధనలను ఎవరు మారుస్తారు?

ఆట నియమాలను నిర్ణయించే అధికారం అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డుది. దానినే ఐఎఫ్‌ఏబీ అంటారు. 1886లో ఏర్పడిన ఈ సంస్థలో ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ సంఘాలకు ఒక్కో ఓటు, ఫిఫాకు నాలుగు ఓట్లు ఉన్నాయి. ఏ మార్పుకైనా ఎనిమిదింట ఆరు ఓట్లు కావాలి. ఆఫ్‌సైడ్‌ను గానీ, గోల్ కొలతలను గానీ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తనంతట తాను మార్చలేదు.

అయితే పోటీలను నిర్వహించే తీరు వేరే విషయం. టోర్నమెంట్ ఏ రూపంలో జరగాలి, డ్రా అయిన మ్యాచ్‌ను మళ్లీ ఆడించాలా, అట్టడుగున నిలిచిన జట్టును కింది శ్రేణికి పంపాలా వంటి నిర్ణయాలు నిర్వాహకుల చేతుల్లోనే ఉంటాయి. బాలల, యువజన, స్థానిక పోటీల విషయంలో నియమావళే చాలా వెసులుబాటు ఇస్తోంది. అందువల్ల మార్పునకు ప్రపంచ సంస్థల కోసం ఎదురుచూడవలసిన అవసరం అన్నిచోట్లా లేదు.

రహీమ్ మాస్టారి పోటీలు

పునరుద్ధరించదగిన సంప్రదాయాల్లో మొదటిది హైదరాబాద్‌లోనే పుట్టింది. 1951, 1962 స్వర్ణ పతక జట్లకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉంటూ, బాలుర కోసం ఆయన విలక్షణమైన పోటీలు జరిపించారు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలన్నది ఒక పోటీ నియమం. డ్రిబ్లింగ్ చేయకూడదన్నది మరొక పోటీ నియమం. ఎత్తు తక్కువ ఉన్న పిల్లలు పెద్దవారి మధ్య నలిగిపోకుండా ఎత్తు పరిమితితోనూ పోటీలు పెట్టారు.

వీటి వెనుక స్పష్టమైన తర్కం ఉంది. కుడి కాలి వాటం ఉన్న కుర్రవాడికి ఎడమ కాలిని సాధన చేయమని చెబితే పది నిమిషాలు చేసి మానేస్తాడు. గెలుపు దానిపైనే ఆధారపడి ఉంటే అదే అలవాటుగా మారుతుంది. డ్రిబ్లింగ్‌కు వీలు లేకపోతే బంతి అందకముందే తలెత్తి చూసి, సహచరుడు ఎక్కడున్నాడో గమనించక తప్పదు. అంటే శిక్షకుడు నోటితో చెప్పవలసిన పాఠాన్ని పోటీ నియమమే నేర్పుతుంది.

దాని ఫలితం మైదానంలో కనిపించింది. రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం సహా పలువురు హైదరాబాద్ ఆటగాళ్లు 1956 ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించారు. 1962లో జకార్తాలో జరిగిన ఫైనల్‌లో భారత్ 2-1 తేడాతో దక్షిణ కొరియాను ఓడించింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీమ్ కన్నుమూశారు. అటువంటి విజయం భారత్‌కు మళ్లీ దక్కలేదు.

ఈ పోటీలను తిరిగి నిర్వహించడానికి పెద్ద స్టేడియాలు గానీ, ప్రాయోజకులు గానీ అక్కర్లేదు. ఒక పాఠశాల మైదానం, ఒక ఈల, పట్టుదల ఉన్న ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఉంటే చాలు.

రాష్ట్రం పేరిట ఆడే గౌరవం

1941లో మొదలైన సంతోష్ ట్రోఫీ రాష్ట్రాల జట్ల మధ్య జరిగే జాతీయ పోటీ. హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లలో, ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో దీనిని గెలుచుకున్నాయి. దశాబ్దాల పాటు జాతీయ జట్టులోకి ప్రధాన ద్వారం ఇదే. కొత్త కుర్రవాడు ఇక్కడ రాణిస్తే దేశమంతటికీ పేరు తెలిసేది.

ప్రొఫెషనల్ లీగ్‌లు వచ్చిన తరువాత అగ్రశ్రేణి ఆటగాళ్లు క్లబ్బులకే పరిమితమయ్యారు. సంతోష్ ట్రోఫీకి ఆదరణ తగ్గింది. 2024 డిసెంబర్ 31న హైదరాబాద్‌లోని గచ్చిబౌలి స్టేడియంలో జరిగిన ఫైనల్‌లో బెంగాల్ 1-0తో కేరళను ఓడించి 33వ సారి విజేతగా నిలిచింది. ఆతిథ్యమిచ్చిన నగరం ఒకప్పుడు ఇదే పోటీలో వరుస విజేతకు పుట్టినిల్లన్న సంగతి నేటి తరంలో ఎంతమందికి తెలుసన్నది సందేహమే.

పెద్ద క్లబ్బుల ఆటగాళ్లను మళ్లీ ఇందులోకి లాక్కురావడం ఆచరణసాధ్యం కాదు. ఉపయోగపడే మార్గం మరొకటి ఉంది. ప్రతి రాష్ట్ర జట్టులో ఎక్కువమంది 21 ఏళ్ల లోపు వారే ఉండాలన్న నియమం పెట్టి, క్లబ్బుల తరఫున అవకాశం దొరకని యువకులకు దీనిని ప్రధాన వేదికగా మార్చవచ్చు. దానికి ముందు జిల్లా పోటీలు క్రమం తప్పకుండా జరగాలి. కింద జిల్లా లీగ్ లేకుండా రాష్ట్ర జట్టును ఎంపిక చేస్తే, అది పునాది వేయకుండా పైకప్పు కట్టినట్టే అవుతుంది.

ఏవి తిరిగి రానక్కర్లేదు?

పాతది కాబట్టి మంచిదేనన్న వాదన నిలవదు. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచిన మోహన్ బగాన్ జట్టులో ఒక్కరు తప్ప అందరూ బూట్లు లేకుండానే ఆడారు. అది వలస పాలన కాలంలో ఆత్మగౌరవానికి ప్రతీకగా నిలిచింది. కానీ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1 తేడాతో ఓడిన తరువాత, వట్టి కాళ్లతో అంతర్జాతీయ పోటీల్లో నెగ్గలేమని తేలిపోయింది. భారత ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరయ్యాయి. ఆ సంప్రదాయాన్ని గౌరవంగా స్మరించుకోవచ్చు, అంతకుమించి అవసరం లేదు.

అదనపు సమయంలో ఎవరు ముందు గోల్ కొడితే వారే విజేతలనే గోల్డెన్ గోల్ నిబంధన కూడా ఇటువంటిదే. 1998 ప్రపంచకప్‌లో పరాగ్వేపై లారెంట్ బ్లాంక్, 2000 యూరో ఫైనల్‌లో ఇటలీపై డేవిడ్ ట్రెజెగె ఈ విధంగానే ఫ్రాన్స్‌ను గెలిపించారు. ఆ క్షణాలు ఉద్వేగభరితమైనవే. అయితే ఒక్క తప్పుతో అంతా ముగిసిపోతుందన్న భయం జట్లను రక్షణాత్మక ఆటకు నెట్టింది. 2004లో దానికి స్వస్తి పలికారు.

డ్రా అయితే మళ్లీ ఆడించే పద్ధతిని మాత్రం పూర్తిగా తోసిపుచ్చలేము. 1950 డ్యూరండ్ కప్ ఫైనల్ డ్రా కావడంతో మళ్లీ ఆడించారు. అందులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించింది. 1960లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్లను సంయుక్త విజేతలుగా ప్రకటించారు. 1968 యూరో సెమీఫైనల్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్‌ల ఫలితాన్ని నాణెం ఎగరేసి తేల్చిన తరువాత, అంతకన్నా న్యాయమైన మార్గంగా 1970లో పెనాల్టీ షూటౌట్ నియమావళిలోకి వచ్చింది.

ఇంగ్లండ్‌లో 2024-25 నుంచి ఎఫ్‌ఏ కప్ ప్రధాన దశలో రీప్లే మ్యాచ్‌లను రద్దు చేసినప్పుడు కింది శ్రేణి క్లబ్బులు నిరసన తెలిపాయి. పెద్ద జట్టుతో రెండోసారి ఆడితే వచ్చే టికెట్ల ఆదాయం చిన్న క్లబ్బుకు ఏడాది ఖర్చులో గణనీయమైన భాగాన్ని భరిస్తుంది. మ్యాచ్‌ల భారం మోస్తున్న అగ్రశ్రేణి క్లబ్బులకు రీప్లే కష్టమే. ఏడాదికి కొద్దిపాటి మ్యాచ్‌లే దొరికే జిల్లా, రాష్ట్ర జట్లకు మాత్రం మరో 90 నిమిషాల ఆట వరమే. అక్కడ ఫైనల్ వరకైనా ఈ పద్ధతిని పరిశీలించవచ్చు.

కొత్తగా ఏవి తేవచ్చు?

మొదటిది, సిన్ బిన్ అని పిలిచే తాత్కాలిక బహిష్కరణ. పసుపు కార్డు చూపితే ఆటగాడు మైదానంలోనే ఉంటాడు, ఎరుపు కార్డు చూపితే జట్టు చివరిదాకా పదిమందితో ఆడాలి. ఈ రెండింటి మధ్య మరొక మెట్టు లేదు. తాత్కాలిక బహిష్కరణలో ఆటగాడు పది నిమిషాలు బయట కూర్చుని తిరిగి వస్తాడు. యువజన, స్థానిక పోటీలకు 2017 నుంచే నియమావళి ఈ అవకాశం ఇచ్చింది. రిఫరీతో వాగ్వాదానికి దిగేవారిపై ఇంగ్లండ్ స్థానిక ఫుట్‌బాల్‌లో 2019-20 నుంచి దీనిని అమలు చేస్తున్నారు. అగ్రశ్రేణి పోటీల్లో ప్రయోగించాలన్న ఆలోచనను 2024లో ఐఎఫ్‌ఏబీ పక్కన పెట్టింది. భారత్‌లో దీని అవసరం ఎక్కువగా ఉన్నదీ కింది స్థాయిలోనే. అక్కడ రిఫరీకి భద్రత తక్కువ, దూషణలు ఎక్కువ.

రెండోది, తక్కువ ఖర్చుతో వీడియో సాయం. ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పటి నుంచి 2024-25 సీజన్ వరకు వీఏఆర్ లేకుండానే సాగింది. పదుల కెమెరాలు, ప్రత్యేక గది, శిక్షణ పొందిన వీడియో రిఫరీలు కావాలంటే వ్యయం భారీగా ఉంటుంది. ఫిఫా దీనికి ప్రత్యామ్నాయంగా ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అనే విధానాన్ని 2024లో కొలంబియాలో జరిగిన అండర్-20 మహిళల ప్రపంచకప్‌లో ప్రయోగించింది. ఇందులో వీడియో రిఫరీ ఉండరు. నిర్ణయంపై సందేహం ఉంటే శిక్షకుడు సమీక్ష కోరవచ్చు. రిఫరీ మైదానం అంచున ఉన్న తెరపై చూసి నిర్ణయిస్తారు. ఒక్కో జట్టుకు రెండు అవకాశాలు ఉంటాయి, అభ్యర్థన ఫలిస్తే అవకాశం తరిగిపోదు. క్రికెట్‌లో డీఆర్‌ఎస్‌కు అలవాటు పడిన ప్రేక్షకులకు ఇది సులువుగానే అర్థమవుతుంది.

మూడోది, ఎండ నుంచి రక్షణ. శరీర ఉష్ణోగ్రత తగ్గించుకునేందుకు 90 సెకన్ల నుంచి మూడు నిమిషాల వరకు విరామం ఇవ్వడానికి నియమావళి అనుమతిస్తోంది. 2014 బ్రెజిల్ ప్రపంచకప్‌లోనూ ఇటువంటి విరామాలు ఇచ్చారు. వేసవి సెలవుల్లో ఎర్రటి ఎండలో జరిగే బాలల టోర్నమెంట్లలో దీనిని రిఫరీ దయకు వదలకుండా తప్పనిసరి చేయాలి. తలకు దెబ్బ తగిలిన ఆటగాడి స్థానంలో మరొకరిని అదనంగా దించే అవకాశం కూడా 2024 నుంచి శాశ్వతంగా నియమావళిలో ఉంది. దానిని ప్రతి పోటీ స్వీకరించాలి.

అన్నిటికన్నా కష్టమైన మార్పు

గెలిచిన జట్టు పై శ్రేణికి ఎక్కడం, ఓడిన జట్టు కింది శ్రేణికి దిగడం ప్రపంచ ఫుట్‌బాల్‌లో పాత సంప్రదాయం. భారత్‌కు అది ఇంకా సగం కొత్తే. ఐ-లీగ్ విజేతకు ఐఎస్‌ఎల్‌లో ప్రవేశం 2023లో పంజాబ్ ఎఫ్‌సీతో మొదలైంది, 2024లో మహమ్మదన్ స్పోర్టింగ్ ఆ బాటలో వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా ఆడిన శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మరోవైపు 2024-25 వరకు ఏ జట్టూ ఐఎస్‌ఎల్ నుంచి కిందికి దిగలేదు.

దిగే భయం లేని లీగ్‌లో ఆటకన్నా ఆర్థిక స్థితే జట్టు భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది. 2021-22లో ఐఎస్‌ఎల్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో దిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఓడి కింది శ్రేణికి వెళ్లిన జట్టు ఆ నగరంలోనే ఉంటుంది, మళ్లీ గెలిచి పైకి రావచ్చు. తరలిపోయిన జట్టు విషయంలో అభిమానికి ఆ ఆశ కూడా మిగలదు.

ఐఎస్‌ఎల్ వాణిజ్య ఒప్పందంపై నెలకొన్న అనిశ్చితితో 2025-26 సీజన్ సకాలంలో మొదలు కాలేదు. క్లబ్బులు, ఆటగాళ్లు నెలల తరబడి నిరీక్షించారు. లీగ్ నిర్మాణాన్ని తిరిగి రాసుకోవలసి వచ్చిన సందర్భం ఇదే కాబట్టి, కింది శ్రేణికి దిగే నిబంధనను, నగరం మారే క్లబ్బులపై ఆంక్షలను అందులో చేర్చడానికి ఇంతకన్నా అనువైన సమయం దొరకదు. పైస్థాయిలో ఆ నిర్ణయం జరిగే వరకు కింది స్థాయి ఆగవలసిన పని లేదు. బలహీనమైన కాలితో ఆడే పోటీకి, పది నిమిషాల బహిష్కరణకు, నీళ్ల విరామానికి జిల్లా సంఘం తీర్మానం ఒక్కటే చాలు.