వాచ్‌లో రికవరీ స్కోరు 91.. గ్రౌండ్‌లో మా చెల్లి తొడ పట్టేసింది

మా ఆఫీసులో స్ప్రింట్ అంటే రెండు వారాలు. సోమవారం ప్లానింగ్, రోజూ పొద్దున పదిహేను నిమిషాల స్టాండప్, చివర్లో ఎన్ని పాయింట్లు పూర్తయ్యాయో లెక్క. మా చెల్లికి స్ప్రింట్ అంటే 200 మీటర్లు. ఈ రెండూ ఒకటే అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

మాది తాండూరు. నాన్న నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తారు. నేను హైదరాబాద్‌లో జాబ్, శుక్రవారం రాత్రి ట్రైన్‌కి ఇంటికి వస్తాను. చెల్లి వికారాబాద్‌లో ఇంటర్ సెకండియర్, రోజూ ట్రైన్‌లో అప్ అండ్ డౌన్. కాలేజీ అయ్యాక అక్కడి గ్రౌండ్‌లోనే ప్రాక్టీస్. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్లి, 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల టీ20 విభాగంలో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి ఫొటోనే దాని ఫోన్ వాల్‌పేపర్. జిల్లా సెలెక్షన్స్‌కి పది వారాల ముందు నా పాత స్మార్ట్‌వాచ్ దానికిచ్చాను. అక్కడితో ఆగి ఉంటే ఈ ఆర్టికల్ ఉండేది కాదు.

వాచ్ ఏ కంపెనీదో చెప్పను. ఎందుకంటే ఈ సమస్య ఒక్క కంపెనీది కాదు. గార్మిన్‌లో ట్రైనింగ్ రెడీనెస్, శాంసంగ్‌లో ఎనర్జీ స్కోర్, వూప్‌లో రికవరీ, పోలార్‌లో నైట్లీ రీచార్జ్.. పేర్లు వేరైనా, అన్నిటికీ మూలం దాదాపు ఒకటే. రాత్రి నిద్రలో గుండె వేగం, రెండు బీట్‌ల మధ్య గ్యాప్‌లో వచ్చే చిన్న చిన్న తేడాలు, అంటే హెచ్‌ఆర్‌వీ, ఎంతసేపు పడుకున్నాం అనేది. కొన్ని వాచ్‌లు దానికి ముందు రోజుల వర్కౌట్ లోడ్ కూడా కలుపుతాయి. వీటిలో చాలావరకు పొద్దున లేవగానే వందకి ఇంత అని ఒక నంబర్ చూపిస్తాయి.

నంబర్ కనపడితే మనం ఊరుకుంటామా! గూగుల్ షీట్ ఓపెన్ చేశాను. వాళ్ల పీఈటీ సార్ వారానికి రెండే రోజులు ఫుల్ స్పీడ్ పరుగు పెట్టేవారు. మిగతా రోజులు డ్రిల్స్, మెల్లగా జాగింగ్, ఒకరోజు వాలీబాల్. నాకది టైమ్ వేస్ట్‌లా కనిపించింది. స్కోరు 80 దాటిన ప్రతి రోజూ స్పీడ్ సెషన్ అని రూల్ పెట్టాను. 60 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో ఒకటిన్నర నిమిషం గ్యాప్. హార్ట్ రేట్ 120కి దిగగానే మళ్లీ పరుగు. సార్‌కి చెప్పొద్దన్నాను కూడా. అది ఇంకా పెద్ద తప్పు.

నాలుగో వారం గురువారం పొద్దున స్కోరు 91. లోడ్ తక్కువగా ఉంది, ఈరోజు ఇంకా కష్టపడొచ్చు అని కింద మెసేజ్. సాయంత్రం నేను స్టాండప్ కాల్ లేని పుణ్యాన ఖాళీగా ఉన్నాను, ఫోన్ వచ్చింది. "అన్నా, వెనుక తొడ పట్ అన్నదే. నడవొస్తలేదు."

గుండె రెడీ, తొడ రెడీ కాదు

హామ్‌స్ట్రింగ్ స్ట్రెయిన్. ఫిజియోథెరపిస్ట్ చూసి, పెద్దగా చిరగలేదు, అదృష్టం అన్నారు. కానీ సెలెక్షన్స్ మాత్రం పోయినట్టే. ఆ శనివారం నేను వికారాబాద్ వెళ్లి సార్‌ని కలిసి మొత్తం ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. షీట్ చూపిస్తే నవ్వి ఒకే మాటన్నారు. "తమ్ముడూ, నీ గడియారం గుండె చూస్తున్నది. పిల్ల ఉరికేది తొడలతోని."

ఇంటికొచ్చి నేను చదివింది మొత్తం ఈ ఒక్క మాటకి వివరణే.

60 మీటర్ల పరుగు మా చెల్లికి తొమ్మిది సెకన్లు కూడా పట్టదు. అంత తక్కువ సేపట్లో గుండె పూర్తిగా వేగం అందుకోదు, పరుగు ఆగాకే పీక్‌కి వెళ్తుంది. పైగా మణికట్టు మీద ఉండే పచ్చ ఎల్‌ఈడీ సెన్సార్ రక్తప్రవాహంలో మార్పుని వెలుతురుతో పసిగడుతుంది. చేతులు గట్టిగా ఊగుతుంటే ఆ సిగ్నల్‌లో గోల ఎక్కువ, అసలు నంబర్ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అంటే వాచ్ ఆ సెషన్‌ని సరిగా చూడనే లేదు. ఆరు పరుగులు కలిపినా 360 మీటర్లే. హార్ట్ రేట్ ఆధారంగా లోడ్ లెక్కేసే అల్గారిథమ్‌కి అది కాలేజీ నుంచి స్టేషన్‌కి నడిచినంత పని. అందుకే లోడ్ తక్కువ అని చెప్పింది. అబద్ధం చెప్పలేదు పాపం, దానికి కనిపించినంత చెప్పింది.

కండరం సంగతి వేరు. ఫుల్ స్పీడ్‌లో కాలు ముందుకి ఊగి నేలని తాకబోయే ముందు హామ్‌స్ట్రింగ్ సాగుతూనే బ్రేక్ వేయాలి. స్ప్రింటర్ల తొడ ఎక్కువగా పట్టేసేది ఆ క్షణంలోనే. ఆ ఒత్తిడి నుంచి కండరాలు, నరాలు తేరుకోవడానికి మామూలుగా 48 నుంచి 72 గంటలు ఇస్తారు. రాత్రి హెచ్‌ఆర్‌వీ ఒక్కరోజులో మామూలు స్థాయికి వచ్చేసినా తొడకి ఇంకా బాకీ ఉండొచ్చు. సార్ వారానికి రెండు రోజులే ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది.

మధ్యలో గ్యాప్ కూడా అంతే. ఫుల్ స్పీడ్‌కి వాడే ఇంధనం కండరంలో ఉండే ఫాస్ఫోక్రియేటిన్. అది దాదాపు పూర్తిగా నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. గుండె అంతకన్నా ముందే నెమ్మదిస్తుంది. అందుకే స్ప్రింట్ కోచ్‌లు పది మీటర్లకి ఒక నిమిషం రెస్ట్ అని మోటు లెక్క వాడతారు. 60 మీటర్లకి ఆరు నిమిషాలు. నేను ఇచ్చింది ఒకటిన్నర. నా ప్లాన్ వేగం పెంచలేదు, అలసిన కాళ్లతో వేగంగా పరిగెత్తడం అలవాటు చేసింది.

ఇక జీపీఎస్. చాలా వాచ్‌లు సెకనుకి ఒకసారి లొకేషన్ తీసుకుంటాయి. సెకనుకి 8 మీటర్లు వెళ్లే మనిషికి 30 మీటర్లలో మూడు నాలుగు పాయింట్లు మాత్రమే పడతాయి, ఒక్కో పాయింట్‌లో కొన్ని మీటర్ల తేడా ఉండొచ్చు. డ్యుయల్ ఫ్రీక్వెన్సీ వాచ్ కొంటే బిల్డింగ్‌ల మధ్య రూట్ మ్యాప్ బాగుపడుతుంది కానీ 30 మీటర్ల టైమింగ్ బాగుపడదు. 5కే, 10కే పరిగెత్తేవాళ్లకి ఇదే వాచ్ బంగారం, అది వేరే సంగతి.

స్ట్రెచింగ్ ముందా, తర్వాతా

ఇక్కడ కూడా మేం తిరగేసి చేశాం. గాయాలు కాకూడదని పరుగుకి ముందు పదిహేను నిమిషాలు కింద కూర్చుని కాళ్లు సాగదీసేది. పరుగు అయ్యాక ట్రైన్ టైమ్ అవుతోందని నేరుగా స్టేషన్‌కి.

ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి పట్టి ఉంచే స్ట్రెచ్‌లు పరుగుకి కాస్త ముందు చేస్తే పవర్ కొంచెం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ముందు చేయాల్సింది కదిలే వార్మప్. మెల్లగా జాగింగ్, కాళ్లు ముందుకి వెనక్కి ఊపడం, హై నీస్, స్కిప్స్, ఆ తర్వాత వేగం పెంచుకుంటూ మూడు నాలుగు పరుగులు. పట్టి ఉంచే స్ట్రెచ్‌లు రాత్రి ఇంట్లో, ఒక్కోటి ముప్ఫై సెకన్లు. అవి కూడా మర్నాటి నొప్పిని పెద్దగా తగ్గించవట, కీళ్లు బిగుసుకోకుండా ఉండడానికే.

గాయాన్ని తగ్గించే విషయంలో గట్టి ఆధారం ఉన్నది నార్డిక్ ఎక్సర్‌సైజ్. మోకాళ్ల మీద నిలబడి, మడమలు ఎవరైనా పట్టుకుంటే, ఒంటిని నిటారుగా ఉంచి మెల్లగా ముందుకి వాలడం. ఫుట్‌బాల్ లాంటి ఆటల ప్లేయర్ల మీద చేసిన అధ్యయనాల్లో హామ్‌స్ట్రింగ్ గాయాలు సుమారు సగానికి తగ్గాయి. జిమ్ అక్కర్లేదు. మా ఇంట్లో నేలంతా తాండూరు బండలే, మోకాళ్లు పగిలిపోతాయని అమ్మ బొంత నాలుగు మడతలు వేసి ఇచ్చింది. మడమలు మంచం పట్టీ కింద ఇరికిస్తే సరిపోయింది. గాయం పూర్తిగా మానాక, ఫిజియో సరే అన్నాకే మొదలుపెట్టాం. మీరూ అలాగే చేయండి, యూట్యూబ్ చూసి నొప్పి మీద చేయొద్దు.

గాయం కన్నా పెద్ద మాట

రెండో వారంలో చెల్లి అంది, "అన్నా, కాలు నయమైనా నేనింక ఉరకను." నేను గాయం భయం అనుకున్నాను. కాదట.

"ట్రైన్ల అందరు అంత్యాక్షరి ఆడుతరు. నేను నవ్వితే స్ట్రెస్ స్కోరు పెరుగుతదేమో అని సప్పుడు జెయ్యకుండ కూసుంటున్న. పొద్దున లేస్తనే నంబర్ జూస్తె భయమైతది. మంచిగొస్తె ఉరకాలె, మంచిగ రాకపోతె నువ్వు ఫోన్ జేస్తవ్."

నేను ఏం అనలేకపోయాను. పదిహేడేళ్ల పిల్లకి ఆటని నేను ఆఫీసు చేసి పెట్టాను. నాకే మా మేనేజర్ డాష్‌బోర్డ్ చూస్తే కడుపులో తిప్పుతుంది!

పైగా ఆ యాప్‌లో పనికొచ్చే నంబర్ ఒకటుంది, దాన్ని నేను షీట్‌లో పెట్టనే లేదు. నిద్ర. వెనక్కి వెళ్లి చూస్తే నాలుగు వారాల్లో సగటు ఐదున్నర గంటలు. ఆ వయసు వాళ్లకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలంటారు. రాత్రి రికార్డులు రాయడం, తర్వాత రీల్స్, పొద్దున ట్రైన్. ఇన్ని సెన్సార్లు పెట్టుకుని మా అమ్మ రోజూ అరిచే మాటనే నేను వినలేదు.

ఆ ఆదివారం వాచ్‌ని బీరువాలో పెట్టి స్కూటీ మీద అనంతగిరి వెళ్లాం. మూసీ పుట్టేది అక్కడే అని తెలుసు కదా. పద్మనాభస్వామి గుడి దగ్గర మెట్లు ఎక్కలేదు, కాలు ఇంకా కుంటుతోంది. చెట్ల కింద కూర్చుని మిర్చి బజ్జీలు తిని, కోతులతో గొడవపడి వచ్చాం. ఆ తర్వాతి నెల దాని ఫ్రెండ్స్ నలుగురితో కోట్‌పల్లి ప్రాజెక్టు, నేను డ్రైవర్ని మాత్రమే. ఒడ్డున కూర్చుని నా వాచ్ చూసుకుంటే, చాలాసేపటి నుంచి కదల్లేదు, లేచి నడవండి అని వైబ్రేట్ అయింది. నేను దాన్ని కూడా తీసి జేబులో వేశాను. ట్రైన్‌లో పాటలు మళ్లీ మొదలయ్యాయి అని వాళ్ల ఫ్రెండే చెప్పింది. పరుగు గురించి మాత్రం నేను అడగలేదు. ఐదో వారంలో తనే స్పైక్స్ కడిగి ఎండలో పెట్టింది.

ఇప్పుడు ఏం వాడుతున్నాం

వాచ్ రాత్రి పెట్టుకుంటుంది, నిద్ర గంటల కోసం. స్కోర్ విడ్జెట్ తీసేశాను. స్పీడ్ రోజులు సార్ చెప్పినవే రెండు, మంగళవారం, శుక్రవారం. అవి కూడా వికారాబాద్‌లోనే. తాండూరులో సిమెంటు లారీలు, పాలిషింగ్ దుమ్ము మధ్య గట్టిగా ఊపిరి పీల్చే పని పెట్టుకోవడం నాకిష్టం లేదు. ఆదివారం ఏ యాప్‌కీ పని లేదు. వార్మప్ అయ్యాక సార్ అడిగేవి మూడే. రాత్రి ఎంతసేపు పడుకున్నవ్, తొడ వెనుక గట్టిగుందా, ఈరోజు ఉరకబుద్దైతుందా. ఒక్కదానికి జవాబు తేడాగా వచ్చినా ఆ రోజు డ్రిల్సే.

టైమింగ్‌కి మాత్రం గ్యాడ్జెట్ గెలిచింది, అది వాచ్ కాదు, ఫోన్. ట్రైపాడ్ మీద పెట్టి 240 ఎఫ్‌పీఎస్ స్లోమోషన్. ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కిన 100, 200 మీటర్ల టైమ్‌ని ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చాలంటే 0.24 సెకన్లు కలపాలి, మన వేలు అంత ఆలస్యం అన్నమాట. వేగం అందుకున్నాక 30 మీటర్లకి రెండు వైపులా కోన్‌లు పెట్టి, ఛాతీ మొదటి కోన్ దాటినప్పటి నుంచి రెండోది దాటేవరకు ఫ్రేమ్‌లు లెక్కపెట్టి 240తో భాగిస్తే చాలు. కెమెరా మధ్యలో, ట్రాక్‌కి దూరంగా పెట్టండి. అక్కడి నుంచి ఛాతీ రెండు గీతల్నీ ఒకేలా దాటినట్టు కనిపించాలంటే కోన్‌ని ఛాతీ దారికి కాస్త కెమెరా వైపు జరపాలి. మీ ఫోన్‌లో 240 నిజమైనదో, 120 తీసి మధ్యలో ఫ్రేమ్‌లు పుట్టించిందో కూడా ఒకసారి చూసుకోండి. కొన్ని బడ్జెట్ ఫోన్లు ఆ పని చేస్తాయి.

గాయానికి ముందు చెల్లి బెస్ట్ 900 ఫ్రేమ్‌లు, అంటే 3.75 సెకన్లు. మొన్న శుక్రవారం 924, అంటే 3.85. నేను నోరు తెరిచేలోపే, "ఇంకొకటి ఉరకమనకు, ఇయ్యాల్టికి అయిపోయింది" అని స్పైక్స్ విప్పేసింది. మళ్లీ సెలెక్షన్స్ వచ్చే ఏడాదే.